పాత సైనిక ట్రక్కును బాగుచేసి పరేడ్‌లో నడపడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పరేడ్ చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు రంగు మీద, తెల్ల నక్షత్రం మీద, ఎత్తయిన టైర్ల మీద ఉంటాయి. నడిపేవాడి ధ్యాసంతా టెంపరేచర్ ముల్లు మీద, బ్రేకు పెడల్ మీద ఉంటుంది. మనిషి నడిచే వేగంతో, ఎండలో, జనం మధ్య గంటసేపు నడపడం పాత ట్రక్కుకు హైవే మీద పరుగు కన్నా కష్టమైన పని. రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, క్లచ్‌కు విశ్రాంతి దొరకదు, బ్రేకు మీద నుంచి కాలు తీసే వీలుండదు. అందుకే మరమ్మతు పనుల వరుసను మొదటి రోజు నుంచీ ఆ గంటను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించాలి: ముందు ఆగడం, తరువాత కదలడం, అన్నింటికన్నా చివర అందం. చాలామంది రంగుతో మొదలుపెడతారు. ఆ రంగు మీదే బ్రేకు ఆయిలు కారి పొక్కులు లేచాక మళ్లీ మొదటికి వస్తారు.

1. ఏ ట్రక్కు కొనాలి

రెండో ప్రపంచ యుద్ధకాలపు ట్రక్కులలో ఎక్కువమంది మోజుపడేది అమెరికా తయారీ జీఎంసీ సీసీకేడబ్ల్యూ. రెండున్నర టన్నుల తరగతి, ఆరు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. పేరులోని అక్షరాలు కంపెనీ సంకేతాలు: మొదటి సీ అంటే 1941 నమూనా, రెండో సీ మామూలు క్యాబిన్, కే అంటే ముందు ఇరుసుకూ శక్తి, డబ్ల్యూ అంటే శక్తి అందే జంట వెనక ఇరుసులు. 1945 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ఫ్రాన్స్‌లో ముందుకు సాగుతున్న సేనలకు ఇంధనం, మందుగుండు, తిండి మోసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రధానంగా పరుగెత్తినవి ఇవే. అంత పెద్ద సంఖ్యలో తయారైనందువల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మొదటిసారి ఈ పనికి దిగేవారికి ఆ ఒక్క కారణం చాలు.

చిన్నది కావాలంటే ముప్పావు టన్ను డాడ్జ్ డబ్ల్యూసీ మంచి ఎంపిక. బ్రిటిష్ బండ్ల మీద ఇష్టముంటే బెడ్‌ఫర్డ్ క్యూఎల్ ఉంది. ఫోర్డ్, షెవర్లే కంపెనీలు కెనడాలో తయారుచేసిన సీఎంపీ ట్రక్కులున్నాయి. యుద్ధం తరువాతి తరంలో ఎం35 డీజిల్ రకాలు గట్టివి, తక్కువ శ్రమతో రోడ్డెక్కుతాయి. కానీ ఎం35ఏ2 ఖాళీ బరువే దాదాపు ఆరు టన్నులు. దాన్ని ఏ షెడ్డులో పెడతారు, చెడిపోతే దేనితో లాగిస్తారు, ఆ బరువుకు మీ లైసెన్సు సరిపోతుందా అన్నవి బయానా ఇవ్వకముందే తేలాలి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజను శబ్దం విని మురిసిపోకండి. ఇంజను బాగుచేయవచ్చు, మరొకటి తెచ్చి బిగించవచ్చు. చట్రం వంగిందా, అతుకులు వేశారా, క్యాబిన్ మూలలు లోపలినుంచి తిన్నాయా చూడండి. ఇంజను బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) పక్కన పగులు కోసం టార్చి వేసి వెతకండి. చలిదేశంలో యాంటీఫ్రీజ్ లేకుండా వదిలేసిన బండిలో నీరు గడ్డకట్టి ఇనుమును చీల్చి ఉండవచ్చు. తరువాత లేనివాటి జాబితా రాయండి: లైట్ల కాపు కమ్మీలు, పనిముట్ల పెట్టె మూత, అద్దం ఫ్రేము పట్టీలు, డాష్‌బోర్డు మీది డేటా ప్లేటు (బండి వివరాలు చెక్కిన లోహపు పలక). ఇంజను దొరికినంత సులభంగా ఇవి దొరకవు. మెరుస్తూ సగం భాగాలు లేని బండికన్నా, తుప్పుపట్టి అన్నీ ఉన్న బండి మేలు.

2. విప్పకముందు చదవండి

సైన్యం ప్రతి వాహనానికీ టెక్నికల్ మాన్యువల్ రాయించింది. సీసీకేడబ్ల్యూకు టీఎం 9-801, ముప్పావు టన్ను డాడ్జ్‌కు టీఎం 9-808, జీపుకు టీఎం 9-803. విడిభాగాల జాబితాలకు వేరే సంకేతాలున్నాయి: జీ-508 అంటే సీసీకేడబ్ల్యూ, జీ-502 అంటే ఆ డాడ్జ్, జీ-503 అంటే జీపు. అమ్మేవాళ్లు ఈ సంకేతాలతోనే మాట్లాడుతారు కాబట్టి మీ బండిది గుర్తుంచుకోండి. ఈ పుస్తకాలు చదువు అంతగా లేని పద్దెనిమిదేళ్ల సైనికుడికి కూడా అర్థం కావాలని రాసినవి. ఇంతకన్నా స్పష్టంగా రాసిన మెకానిక్ పుస్తకాలు ఈ రోజుల్లోనూ తక్కువే.

విప్పే ముందు ప్రతి భాగాన్నీ మూడు వైపుల నుంచి ఫొటో తీయండి. బోల్టులను తీసిన చోటు పేరు రాసిన సంచుల్లో వేయండి. గొట్టాలు, వైర్లు ఏ కమ్మీ వెనక నుంచి వెళ్తున్నాయో ఫొటోలో తెలియకపోతే చిన్న బొమ్మ గీయండి.

3. ప్రాణాపాయం ఉన్న నాలుగు చోట్లు

పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము తీశాక గాలి గొట్టంతో ఊదకండి. తడిపి తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూసి పారవేయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకవద్దు. చీకట్లో కనిపించేలా రేడియం పూత పూసిన మీటర్లు కొన్ని బండ్లలో ఉన్నాయి. అద్దం విప్పి ముల్లును గీకే పని పెట్టుకోకుండా, అనుభవమున్నవాళ్లకే వదిలేయండి.

నాలుగోది రిమ్ము. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జీపులు, డాడ్జ్‌ల కోసం చేసిన కంబాట్ రిమ్ములు రెండు సగాలుగా ఉండి చుట్టూ నట్లతో బిగించి ఉంటాయి. చక్రాన్ని బండికి బిగించే నట్లు మధ్యలో ఉంటే, ఈ నట్లు వాటికి బయటి వలయంలో ఉంటాయి. గాలి ఉన్న టైరుకు పొరపాటున ఈ బయటి నట్లు విప్పితే రెండు సగాలూ పేలినట్టు విడిపోతాయి. పెద్ద ట్రక్కుల్లో లాక్ రింగు ఉన్న రిమ్ములు కూడా అంతే ప్రమాదం. తుప్పుతో గాడి అరిగిన రింగు గాలి కొట్టేటప్పుడు ఎగిరిపడి మనుషులను చంపిన సందర్భాలున్నాయి. ముందు వాల్వు లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా వదలండి. సన్న తీగ దూర్చి వాల్వు మూసుకుపోలేదని చూసుకోండి, ఆ తరువాతే స్పానర్ పట్టండి. తిరిగి గాలి నింపేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, పొడవైన గొట్టంతో దూరంగా పక్కకు నిలబడి నింపండి. ఈ పని చేయడానికి బోను ఉన్న టైరు దుకాణానికి ఇవ్వడంలో నామోషీ ఏమీ లేదు.

4. బ్రేకులు

ఆ కాలపు ట్రక్కుల్లో చాలావాటికి ఒకే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును తోసేది), ఒకే లైను. ఎక్కడో ఒక గొట్టం తెగితే అన్ని చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. ఎం35ఏ2లో గాలి సాయం ఉన్నా, దాని తరువాత నడిచేది ఒకే హైడ్రాలిక్ లైను. కాబట్టి ఇక్కడ "ఇది ఇంకా బాగానే ఉంది" అన్న మాటకు చోటులేదు. ఉక్కు గొట్టాలన్నీ, రబ్బరు గొట్టాలన్నీ, వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకు షూలను తోసేవాటి) రబ్బర్లన్నీ కొత్తవి వేయండి. సిలిండరు లోపలి గోడ గోరుకు తగిలేంత గుంటలు పడి ఉంటే స్లీవు (లోపలి లోహపు తొడుగు) వేయించండి.

బ్రేకు ఆయిలులో రెండు జాతులున్నాయి. డాట్ 3, డాట్ 4 గాలిలోని తేమను పీలుస్తాయి, రంగును తినేస్తాయి. డాట్ 5 సిలికోన్, తేమ పీల్చదు. అమెరికా సైన్యం 1980ల మొదట్లో దీనికి మారింది కాబట్టి సైన్యం నుంచి వచ్చిన ఎం35లో ఇది ఉండే అవకాశం ఎక్కువ. రెండింటినీ కలపకూడదు. ఏది ఉందో తెలియకపోతే గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి కలపండి: సిలికోన్ విడిగా నిలుస్తుంది, మిగతావి నీటిలో కరిగిపోతాయి. ఏడాదిలో ఎక్కువకాలం షెడ్డులో ఉండే బండికి, లైను మొత్తం కొత్తగా వేసినప్పుడు, నా ఓటు సిలికోన్‌కే.

సీసీకేడబ్ల్యూలో బ్రేకుకు సాయపడే హైడ్రోవాక్ అనే పరికరం ఇంజను వాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజను ఆగితే మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది, తరువాత పెడల్ బండరాయిలా గట్టిపడుతుంది. ఖాళీ స్థలంలో నెమ్మదిగా పోతూ ఇంజను ఆపి ఆ పెడల్ ఎలా ఉంటుందో కాలికి తెలియజేయండి. హ్యాండ్ బ్రేకు గురించీ తెలుసుకోవాలి. చాలా సైనిక ట్రక్కుల్లో అది చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే గేర్ల పెట్టె) వెనక ప్రొపెల్లర్ షాఫ్టును (ఇరుసుకు శక్తి చేర్చే కడ్డీని) పడుతుంది. అందువల్ల వెనక చక్రాన్ని జాకీతో లేపిన క్షణంలో డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) తిరగనిచ్చి బండి దొర్లిపోవచ్చు. చక్రాలకు దిమ్మెలు పెట్టకుండా జాకీ ఎత్తకండి.

5. ఇంజనును లేపడం

ఏళ్లతరబడి నిలిచిన ఇంజనుకు వెంటనే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టవద్దు. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండరులో చొచ్చుకుపోయే నూనె పోసి కొన్ని రోజులు వదలండి. తరువాత హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. బలవంతం వద్దు, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలించండి. కదిలాక పాత ఆయిలు దించండి. మజ్జిగలా తెల్లగా వస్తే నీరు కలిసినట్టే, హెడ్డు విప్పక తప్పదు. కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే ఆయిలు ప్రెషర్ మీటరు కదిలేదాకా తిప్పి, ఆ తరువాత కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు ఒత్తిడి) కొలవండి. జీఎంసీ 270 ఇంజను ఆరు సిలిండర్ల పెట్రోలుది, ఫైరింగ్ వరుస 1-5-3-6-2-4.

పెట్రోలు ట్యాంకు చిల్లులు పడితే కడిగించకుండా వెల్డింగ్ చేయించకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. పాత రబ్బరు, డయాఫ్రమ్ ఇప్పటి ఎథనాల్ కలిసిన పెట్రోలుకు మెత్తబడతాయి కాబట్టి పంపు, కార్బొరేటర్ రెండింటికీ కొత్త రకం కిట్లు వేయండి.

పరేడ్ కోసం అసలు శ్రద్ధ పెట్టాల్సింది చల్లబరిచే వ్యవస్థ మీద. రేడియేటర్ కడిగించి వదిలేసేవాళ్లే ఎక్కువ. మడ్డి ఎక్కువగా పేరుకునేది బ్లాకు వెనక, చివరి సిలిండర్ల చుట్టూ. పక్కనున్న గుండ్రటి ఇనుప బిళ్లలను ఊడదీసి చూడండి, లోపల ఎర్రటి తుప్పు మట్టి ముద్దలుగా ఉంటుంది. వంచిన తీగతో గోకి, నీటి ఒత్తిడితో కడగండి. బయటికి స్వచ్ఛమైన నీరు వచ్చేదాకా ఆపవద్దు. థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వును) వేడినీటిలో వేసి తెరుచుకుంటుందో లేదో చూడండి. తీసేస్తే చల్లగా నడుస్తుందన్న సలహా వినవద్దు.

6. ఇరుసులు, టైర్లు, వైరింగు

గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, అన్ని ఇరుసుల ఆయిలు మార్చండి. ఆయిలులో ఇనుప పొట్టు ఉందేమో వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఇరుసుల గాలి రంధ్రాలు మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిలు సీళ్లగుండా బయటకు వచ్చి బ్రేకు షూలను తడుపుతుంది. ఇంత చిన్న రంధ్రం వల్ల డ్రమ్ములన్నీ మళ్లీ విప్పాల్సి వస్తుంది. ఇరుసులకు గ్రీజు పట్టించే చోట్లన్నీ పుస్తకంలో బొమ్మతో సహా ఉన్నాయి, ఒక్కటీ వదలకండి.

జంట వెనక ఇరుసులకు మధ్యలో డిఫరెన్షియల్ లేని బండ్లలో టైర్లన్నీ ఒకే కొలతలో, ఒకే అరుగుదలతో ఉండాలి. లేకుంటే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ గేర్లను తినేస్తాయి. పొడి తారురోడ్డు మీద ముందు ఇరుసును కలపకూడదన్నదీ ఇందుకే. టైరు పక్కన డాట్ (DOT) గుర్తు చివర ఉన్న నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మూడు అంకెలే ఉంటే 2000కు ముందుది, అచ్చు ఎంత లోతుగా ఉన్నా పనికిరాదు.

యుద్ధకాలపు సీసీకేడబ్ల్యూ 6 వోల్టులది, ఎం35 24 వోల్టులది. 6 వోల్టుల్లో అదే పనికి 12 వోల్టుల కన్నా రెట్టింపు కరెంటు ప్రవహిస్తుంది. మామూలు కారు కేబుల్ వేస్తే సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంది, తప్పు బ్యాటరీ మీద పడుతుంది. దళసరి కేబుళ్లు వేసి, ఎర్తు తగిలే చోట రంగు గీకి మెరిసే లోహం మీద బిగించండి.

వెనక ఉన్న చిన్న బ్లాకౌట్ దీపాలను (శత్రువుకు కనిపించకుండా మసకగా వెలిగేవాటిని) పారేయకండి. వాటి తెలివి ముచ్చటైనది. చీకట్లో వెనక వచ్చే డ్రైవరుకు అవి 180 అడుగులకు మించిన దూరంలో ఒకే చుక్కగా, 60 నుంచి 180 అడుగుల మధ్య రెండుగా, 60 అడుగుల లోపల నాలుగుగా కనిపిస్తాయి. రెండు కనిపిస్తున్నంతసేపూ దూరం సరిగా ఉన్నట్టు. రోడ్డు మీద నడపడానికి మాత్రం ఇవి చాలవు, చట్టం అడిగే లైట్లు, సిగ్నళ్లు విడిగా బిగించండి.

7. తుప్పు, రంగు, గుర్తులు

చిన్న భాగాలకు విద్యుత్తుతో తుప్పు వదిలించే పద్ధతి చవకైనది: ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, వాషింగ్ సోడా. ఛార్జరు నెగటివ్ తీగ భాగానికి, పాజిటివ్ తీగ పాత ఇనుప రేకుకు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడితే విషపూరిత క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, వద్దు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. స్ప్రింగులు, గట్టిపరచిన ఉక్కు భాగాలు ఇందులో వేస్తే పెళుసుబారతాయి. చట్రానికి ఇసుక పేల్పించి అదే రోజు ప్రైమర్ కొట్టించండి, రాత్రి తేమకే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

ఏ ఆకుపచ్చ సరైనదన్న వాదన ఎప్పటికీ తెగదు. ఒక్క విషయం చెప్పగలను. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 595 రంగుల పట్టిక 1956లో వచ్చింది. కాబట్టి అందులోని ఏ సంఖ్యా యుద్ధకాలపు డబ్బా మీద ఉండి ఉండదు, అవి తరువాత కుదిర్చిన పోలికలే. బండిలో ఎండ తగలని చోట, డేటా ప్లేటు వెనకో, సీటు కిందో, పొరలను తడి గరుకు కాగితంతో వలయాలుగా అరగదీస్తే అడుగున అసలు రంగు బయటపడుతుంది. దాన్ని పట్టుకుని కలిపించండి. బ్రిటిష్ బండ్లలో యుద్ధం మధ్యకాలం నుంచి 1944 దాకా గోధుమ రంగు, ఆ ఏడాది నుంచి ఆకుపచ్చ. మెరుపు అసలే ఉండకూడదు. అద్దంలా మెరిసే సైనిక ట్రక్కును చూస్తే నాకు చిరాకు.

నంబర్లు ఇష్టమొచ్చినట్టు రాయకండి. అమెరికా సైన్యంలో రెండున్నర టన్నుల ట్రక్కు రిజిస్ట్రేషన్ 4తో, జీపుది 20తో మొదలయ్యేది. బంపరు మీది సంకేతాలు ఎడమ నుంచి డివిజన్, రెజిమెంట్, కంపెనీ, చివర బండి వరుస సంఖ్యను చెబుతాయి. పరేడ్‌లో ఆ దళంలో పనిచేసినవారి మనవలు నిలబడి ఉండవచ్చు, ఆ అంకెలను వాళ్లు చదువుతారు. ఒక దళం పేరు ఎంచుకుంటే ఆ దళం ఆ బండి వాడిందన్న ఫొటో ఆధారం దగ్గర పెట్టుకోండి. శత్రు సేనల చిహ్నాలను బహిరంగంగా చూపడం జర్మనీ సహా కొన్ని దేశాల్లో నేరం.

8. రోడ్డు మీద సాధన

మొదట ఖాళీ స్థలంలో ఆపడం సాధన చేయండి. తరువాత గేర్లు. పాత గేర్‌బాక్సులు చాలావాటికి సింక్రోమెష్ (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) ఉండదు. పై గేరుకు వెళ్లేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి మళ్లీ తొక్కి గేరు. కింది గేరుకు వచ్చేటప్పుడు న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ వదిలి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. గేరు కీచుమంటే లివరును తోయకుండా మొదటినుంచీ చేయండి.

తరువాత పరేడ్ సాధన: ఎండ ఎక్కువగా ఉన్న వేళ, మొదటి గేరులో, మధ్యమధ్య ఆగుతూ గంటసేపు. ఆ గంటలో వచ్చే జబ్బులు రెండు. ఒకటి వేడి. రెండోది పెట్రోలు ఆవిరై లైనులో ఇరుక్కోవడం. ఇంజను దగ్గి ఆగిపోతుంది, చల్లారేదాకా లేవదు. పెట్రోలు గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా జరిపి, వేడి తగలని తొడుగు వేస్తే చాలావరకు పోతుంది. ఎక్కువసేపు నెమ్మదిగా తిరిగితే ప్లగ్గులు మసిబారతాయి, అందుకే ఒక సెట్టు వెంట ఉంచుకోండి.

9. పరేడ్ రోజు

ముందురోజే నిర్వాహకుల దగ్గర మార్గం చూడండి: ఎక్కడం, దిగడం, ఇరుకు మలుపులు, తక్కువ ఎత్తులో వేలాడే తీగలు. పరేడ్‌కు మీ బీమా వర్తిస్తుందని రాతపూర్వకంగా తెలుసుకోండి. నమూనా తుపాకీ పెట్టాలంటే పోలీసుల అనుమతి కూడా. బండిలో మంటలార్పే సిలిండరు చేతికందే చోట, దిమ్మెలు, లాగే తాడు, నీళ్లు ఉండాలి.

వరుసలో ముందు బండికి మీ ట్రక్కు పొడవుకు తక్కువ కాకుండా ఖాళీ వదలండి. దగ్గర దగ్గరగా పోతూ క్లచ్ జారనివ్వడం కన్నా, ఖాళీ పెరగనిచ్చి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి కదిలి, మళ్లీ ఆగడం మేలు. లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు) వేద్దామనిపిస్తుంది. కానీ విల్లీస్ జీపు లాంటివాటిలో లో రేంజ్ వేస్తే ముందు ఇరుసూ తప్పనిసరిగా కలుస్తుంది, మలుపుల్లో బిగుసుకుంటుంది. మీ బండి ఏ రకమో పుస్తకంలో చూసుకోండి. ముల్లు పైకి పాకుతుంటే ఆగిన ప్రతిసారీ న్యూట్రల్ వేసి ఇంజను వేగం కొంచెం పెంచండి, ఫ్యాను, నీటి పంపు పని చేస్తాయి. అప్పటికీ తగ్గకపోతే వరుస నుంచి పక్కకు తప్పుకోండి. మరిగే రేడియేటర్ మూత తెరవకండి.

ఎత్తయిన బానెట్ ముందు నిలబడ్డ పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు. ముందు మడ్‌గార్డులకు ఇరువైపులా ఒక్కో మనిషి నడుస్తూ ఉండాలి. ఆపు, కదులు, జనం దగ్గరికొస్తున్నారు అన్న మూడు చేతి సైగలను ముందే కుదుర్చుకోండి. వాళ్లలో ఒకరు కనిపించకపోతే బండి ఆపండి. వెనక కూర్చునేవారు బండి ఆగి, న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వేశాకే ఎక్కాలి. వెనక తలుపు మూసి, అడ్డుపట్టీ కట్టి, అందరూ కూర్చోవాలి. లేచి నిలబడి చేతులూపితే ఫొటోకు బాగుంటుంది, క్లచ్ ఒక్కసారి కుదిపితే రోడ్డు మీద ఉంటారు. బండి మీద నుంచి మిఠాయిలు విసరనివ్వకండి. చక్రాల దగ్గర పడ్డవాటికోసం పిల్లలు పరుగెత్తుకొస్తారు. పంచాలనుకుంటే నడిచేవాళ్లే అంచున నిలబడ్డవారి చేతికివ్వాలి.

ముగిశాక ఇంజనును వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. తరువాత ప్రతి డ్రమ్ము దగ్గర అరచేయి ఆనించకుండా పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాలుతుంటే ఆ షూ వెనక్కి రావడం లేదు, లేదా బేరింగు బిగుసుగా ఉంది. దాన్ని విప్పి సరిచేసేదాకా ట్రక్కును మళ్లీ రోడ్డెక్కించకండి, ఇంటికి ట్రైలరు మీదే తీసుకెళ్లండి.